అత్త కంప్యూటర్ చల్లబడిన రోజు

మా మేనత్త పోయిన వారం తమిళనాడులోని గుడియాత్తంలో చనిపోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని మళ్లీ లేవలేదట. ఫోన్ వచ్చేసరికి నేను కాట్పాడిలో, నేను పనిచేసే కంప్యూటర్ రిపేరు షాపులో ఉన్నాను. విప్పిన మెషీన్‌ను విప్పినట్టే వదిలేసి బస్సెక్కాను.

అత్త పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేది. మామ ఉన్నన్నాళ్లూ ఆయన కెమెరాతో తిరిగితే, ఈమె ఇంట్లో కూర్చుని అనవసరమైనవి తీసేసి, కావలసినవి కలిపేది. మామ పోయాక కెమెరా ఎవరికో ఇచ్చేసింది గానీ కంప్యూటర్‌ను వదల్లేదు. ఊళ్లో ఫొటోగ్రాఫర్లు తీసిన పెళ్లిళ్లు ఆమె దగ్గరికే వచ్చేవి. బుగ్గన లవంగం పెట్టుకుని, తెరమీది మనుషులతో మాట్లాడుతూ పనిచేసేది. "తల ఎత్తుమ్మా, నీ మొగుడే కదా" అని పెళ్లికూతురికి చెప్పేది. వీడియోలో వేసే పేర్లు మాత్రం తమిళంలో టైపు చేసేది. ఆమెకు తెలుగు మాటే గాని రాత రాదు. ఉండి ఉంటే ఇది కూడా నన్నే చదివి వినిపించమనేది.

"పెండ్లికి వచ్చినోళ్లంతా పెండ్లికూతుర్ని చూస్తారు పాపా. మనం ఆ పిల్ల ఎవుర్ని చూస్తా ఉండాదో చూడాల" అనేది.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. "పాపా, కంప్యూటర్ పని మధ్యలో నల్లంగా అయిపోతా ఉండాది. ఫ్యాన్ మాత్రం ఒకటే అరుస్తాది. ఈ పొద్దే కావాల. సీక్రం రాగలవా?"

వెళ్లేసరికి ఒక కొత్త పెళ్లికూతురు ఇంట్లో కూర్చుని ఉంది. మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. వాళ్ల నాయన వేలూరులో ఆసుపత్రిలో ఉన్నాడు. మర్నాడు గుండె ఆపరేషన్.

"ముహూర్తం మార్చొద్దని నాయనే చెప్పినాడక్కా. ఫోన్లో చూపిస్తామంటే, తాళి కట్టే టయానికి సిగ్నల్ పాయె. లోపలికి పొయ్యేలోగా చూడాలని అడగతా ఉండాడు" అంది.

పెళ్లంతా అత్త కూర్చడం అయిపోయింది. దాన్ని ఒక వీడియోగా తయారుచేయడమే మిగిలింది. అక్కడే మెషీన్ మొరాయిస్తోంది. పని మొదలవగానే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతూ పోయి, ఒక హద్దు దాటాక తెర ఆరిపోతోంది. కార్డు ఊడదీసి చూశాను. చుట్టుపక్కల లుంగీ మగ్గాల నుంచి వచ్చిన నూలు దుమ్ము దాని రేకుల మధ్య మెత్తలా పేరుకుపోయింది. అత్త బ్రష్ తెచ్చింది. ఇద్దరం కూర్చుని దులిపాం. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండి సున్నంలా రాలుతుంటే తుడిచి కొత్తది పూశాను. ఫ్యాన్ హాయిగా తిరిగింది.

అన్నీ ఎప్పటిలా సర్ది మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఇంకాస్త దూరం పోయి, మళ్లీ ఆరిపోయింది. ఆ పిల్ల లేచి వాకిట్లోకి వెళ్లింది. కార్డే పోయి ఉంటే అంత పాతది ఆ ఊళ్లో దొరకదు. "ఈ ముసలి డబ్బా" అని విసుక్కున్నాను.

"దాన్ని తిట్టొద్దు పాపా. మీ మామ పోయినాక నాకు తోడుండేది అదే" అంటూ అత్త కంప్యూటర్ క్యాబినెట్ వెనక చెయ్యి పెట్టింది. "ఈడ చూడు, పొయ్యి మాదిరి ఉండాది. గాలి బయటికి పోను దోవ యాడుండాది?"

ఆ క్యాబినెట్ ఉన్నది గోడ గూట్లో. దాని మీద దుమ్ము పడకుండా మామ నీలం గళ్ల లుంగీ కప్పి ఉండేది. పనిచేసేటప్పుడు ముందువైపు మాత్రం పైకి మడిచేది. వెనక అలాగే వేలాడేది. సమస్య అర్థమైంది గానీ ఆ లుంగీ తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అత్తే తీసింది. కాసేపు చేతుల్లో పట్టుకుని, మడత పెట్టి బీరువాలో తన చీరల మధ్య పెట్టింది. "ఆయనుంటే ఎప్పుడో తీసుంటాడు" అంది.

క్యాబినెట్‌ను గది మధ్యకు జరిపి, పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాన్ పెట్టాం. ఒక్కో ఘట్టం తయారుచేసి, చల్లారనిచ్చి, తర్వాతది మొదలుపెట్టాం. తాళి కట్టాక పెళ్లికూతురు కల్యాణమంటపం గుమ్మం వైపు చూసే ముక్క వచ్చింది. అక్కడ ఎవరూ లేరు.

"ఇది తీసెయ్యమన్నాడు ఫొటోగ్రాఫర్. నేనే ఉంచినా" అంది అత్త.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్న ఆ పిల్ల, "ఉండనీమ్మా. అది నాయన కోసమే చూసినా" అంది.

మధ్యాహ్నానికి పని పూర్తయింది. నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని ముగ్గురం వేలూరు బస్సెక్కాం. మర్నాడు ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్లకు ఆయన ఇల్లు చేరాడు. కానీ అత్త అనగానే నాకు ఆపరేషన్‌కు ముందటి ఆ సాయంత్రమే కళ్లముందుకు వస్తుంది.

ఆసుపత్రి మంచం మీద ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టినా ఆయనకు తెర సరిగా కనబడలేదు. అందుకని అత్త దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పక్కనే వంగి నిలబడింది. తెరమీద తాళి కట్టారు. కూతురు గుమ్మం వైపు చూసింది. ఆయన పెదాలు కదిలాయి. అక్షింతలు వేయబోయినట్టు చెయ్యెత్తాడు. అది తెరదాకా రాలేక, వంగి ఉన్న అత్త తల మీద ఆనింది. అత్త కదల్లేదు. కళ్లు మూసుకుని, ఆ చెయ్యి తనంతట తాను దిగేదాకా అలాగే తల వంచి ఉంది.