వద్దమ్మ నిలబెట్టిన స్తంభం

మా మేనత్త నిలబెట్టిన స్తంభానికి పతకం వేరొకాయనకు ఇచ్చారు. ఆ సభకు అత్తను కూడా పిలిచారు, వర్షం వస్తే మైకు తీగలు తడవకుండా చూసుకోమని.

అత్త యూనివర్సిటీలో స్ట్రక్చరల్ ఇంజనీరు. గీసిన కట్టడం నిలబడుతుందో లేదో లెక్క కట్టి చెప్పడం ఆమె పని. నిలబడదనుకుంటే వద్దనేది. అక్కడ గీసేవాళ్ళు ఎక్కువ, ఆలోచించి గీసేవాళ్ళు తక్కువ. అందుకని ఆమె నోట ఆ మాటే ఎక్కువగా వినిపించేది. ఆఫీసులో ‘వద్దమ్మ’ అని పేరు పెట్టేశారు. ఇంట్లోనూ అంతే. మావయ్య గోడకు పుస్తకాల అర కొట్టబోతే వేలితో గోడ మీద తట్టి వద్దనేది. "మీ అత్త సరేనన్నది నాకొక్కడికేరా. ఆ రోజు లెక్క చూసుకోలేదు" అనేవాడు మావయ్య. ఆ మాటను అత్త ఎప్పుడూ ఖండించలేదు.

విద్యార్థుల నాటకాలకూ పాటలకూ క్యాంపస్‌లో ఆరుబయట రంగస్థలం కట్టాలనుకున్నారు. బయటి నుంచి పిలిపించిన ఆర్కిటెక్టు వేదిక మీదికి పక్షి రెక్కలాంటి కాంక్రీటు కప్పు గీశాడు. వెనక గోడ తప్ప దానికి మరో ఆధారం లేదు. కప్పు గాలిలో తేలుతున్నట్టు ఉండాలన్నాడు. అత్త నేల తవ్వించి చూసింది. వెనక గోడ రావలసిన చోట ఎడమ పక్కంతా ఎప్పుడో చెత్తతో పూడ్చిన గుంత. పైగా మూడు వైపులా తెరుచుకున్న కప్పు కింద గాలి దూరితే ఏమవుతుందో గొడుగు పట్టిన ప్రతివాడికీ తెలుసు. వేదిక ముందు ఎడమ మూలన ఒక స్తంభం ఉండి తీరాలంది. అది కప్పును మోయాలి, గాలొచ్చినప్పుడు లేచిపోకుండా కిందికి పట్టుకోవాలి కూడా. ఆర్కిటెక్టు అలిగి వెళ్ళిపోయాడు. స్తంభం లేచింది.

ప్రారంభానికి ముందు వైస్ ఛాన్సలర్ చూడటానికొచ్చాడు. ఆయన కుర్చీ ముందు వరసలో ఎడమ పక్కన వేశారు. కూర్చుని చూస్తే వేదిక కనబడలేదు, స్తంభం కనబడింది. ఇదేమిటని అడిగాడు. అత్త నోరు తెరిచేలోపు ఆమె పైఅధికారి చీఫ్ ఇంజనీరు "శిల్పం సార్" అన్నాడు.

"ఎవరిది?"

పక్కనే ఉన్న కళల విభాగం ప్రొఫెసర్ వినయంగా తలవంచాడు.

అలా స్తంభం శిల్పమైంది. ప్రొఫెసర్ దాని ఒంటికి నాలుగు సిమెంటు ఆకులు అతికించి, ‘అన్వేషణ’ అని పేరు పెట్టి, ఏడాది తిరక్కముందే పతకం పుచ్చుకున్నాడు. పేరు ఎవరిదైతేనేం, స్తంభం ఉంది కదా అంది అత్త.

కానీ కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. స్తంభాన్ని కదపాలని ఎవరికీ తోచదు. శిల్పాన్ని మాత్రం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఇంత గొప్ప కళాఖండం కుర్రాళ్ళు గంతులేసే మూల పడుండటం బాగోలేదని, దాన్ని తెచ్చి పరిపాలనా భవనం ముందు నిలబెట్టమని వైస్ ఛాన్సలర్ సెలవిచ్చాడు. క్రేను వాళ్ళు కొలతలకు వచ్చినప్పుడు అత్త అక్కడే ఉంది. కప్పు కింద పిల్లలు నాటకం సాధన చేసుకుంటున్నారు. క్రేను మేస్త్రీ స్తంభాన్ని అరచేత్తో తట్టి, కిందా పైనా కోస్తే తేలిగ్గా వచ్చేస్తుందన్నాడు.

అత్త తిన్నగా చీఫ్ ఇంజనీరు గదికి వెళ్ళి వైస్ ఛాన్సలర్‌కు నిజం చెప్పమంది.

"చెప్తే నేను అబద్ధాలకోరునవుతాను. ప్రొఫెసర్ పతకం తిరిగివ్వాలి" అన్నాడాయన. "కప్పు సంగతేమో గానీ మా ఇద్దరి కొంపలూ మాత్రం ఖాయంగా కూలతాయమ్మా."

శిల్పం తరలింపు చూసే కమిటీకి అత్త తనే రాసింది. శిల్పాల మీద అభిప్రాయం చెప్పడం ఇంజనీరింగ్ విభాగం పనికాదని జవాబొచ్చింది. పట్టు వదలకుండా తిరగ్గా తిరగ్గా సమావేశంలో మాట్లాడనిచ్చారు. ఆమె డ్రాయింగు బల్ల మీద పరిచి, గాలి ఎటు నుంచి వస్తుందో, బరువు ఎటు దిగుతుందో చెప్పసాగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. వైస్ ఛాన్సలర్ గడియారం చూసుకున్నాడు. ప్రొఫెసర్ కిటికీలోంచి పిట్టల్ని చూశాడు. తన శిల్పం లోపల ఏముందో ఆయనకు తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు.

అత్త మధ్యలో ఆగింది. డ్రాయింగు చుట్టేసింది.

"సార్, ఈ శిల్పం ఆ కప్పుతో మాట్లాడుతోందండి" అంది. "విడదీస్తే మూగబోతుంది. ప్రొఫెసర్ గారి ఉద్దేశం కూడా అదే అనుకుంటా."

ప్రొఫెసర్ కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళకు తనను అర్థం చేసుకున్న మనిషి దొరికిందన్నాడు. శిల్పాన్ని ఎన్నటికీ కదపరాదని అప్పటికప్పుడు తీర్మానించారు. దాని ఆలోచన మొదలు ఆకారం దాకా అంతా ప్రొఫెసర్‌దేనని ఒక వాక్యం చేర్చి, సాక్షిగా అత్తనే సంతకం పెట్టమన్నారు. పెట్టింది. ఇంటికొచ్చి పంపు దగ్గర చాలాసేపు నోరు పుక్కిలించింది. ఏమైందని మావయ్య అడిగితే, "వద్దనకుండా వచ్చాను" అంది. ఆ పూట మావయ్య హాస్యమాడలేదు.

ఆ తర్వాత పెనుగాలులు వచ్చాయి, పోయాయి. వైస్ ఛాన్సలర్ కారు షెడ్డు రేకులు ఆటస్థలంలో దొరికాయి. రంగస్థలం కప్పు మాత్రం కదల్లేదు. ‘అన్వేషణ’ మీద ప్రొఫెసర్ ఒక పుస్తకం రాశాడు. అందులో గాలి ఊసే లేదు.

నేను అత్తను చివరిసారి కలిసింది ఆమె రిటైరయ్యాక. అలా నడిచొద్దాం రమ్మని క్యాంపస్‌కు తీసుకెళ్ళింది. రంగస్థలం దగ్గర ఒక లెక్చరరు కొత్త విద్యార్థులకు శిల్పాన్ని చూపించి, అది ఆధునిక మానవుడి ఒంటరితనానికి ప్రతీక అని వివరిస్తోంది. పిల్లలు రాసుకుంటున్నారు. అత్త వాళ్ళ వెనక నిలబడి బుద్ధిగా చివరిదాకా విన్నది. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు నీ ఉద్యోగం ఎవడూ పీకలేడు, వెళ్ళి అది నీదని చెప్పమన్నాను. ఆమె వినిపించుకోలేదు. తల పైకెత్తి, కప్పూ స్తంభమూ కలిసే చోట పగుళ్ళేమైనా ఉన్నాయేమోనని చూసుకుంది. లేవు.

"ఒంటరితనమట" అంది, మళ్ళీ నడక మొదలుపెడుతూ. "నెత్తి మీద అంత కప్పు పెట్టుకున్నదానికి ఒంటరిగా ఉండే తీరికెక్కడిదిరా."