నేను పెట్టని ఆప్షన్

మా ఊరు సదుం పక్కన. నాయన గొర్రెలు మేపుతాడు. ఇంటర్ పుంగనూరులో చదివాను. సివిల్ ఇంజనీరింగ్ చెయ్యాలనే కోరిక తొమ్మిదో తరగతి నుంచీ ఉండేది. ఆ ఏడు మా వంక మీద చెక్‌డ్యామ్ కోసం కొలతలు తీయడానికి ఒక మేడమ్ వచ్చింది. మూడు కాళ్ల స్టాండు మీద బిగించిన పరికరంలోంచి నన్నూ చూడనిచ్చింది. అవతలి గట్టున పట్టుకున్న కర్ర మీది అంకెలు చేతికందేంత దగ్గరగా కనిపించాయి. నీళ్లు ఎందాకా నిలబడతాయో ఆమె వాన పడకముందే చెప్పేసింది. ఆ పని నేనూ చెయ్యాలనుకున్నాను.

ఎంట్రన్సులో ర్యాంకు వచ్చాక నాయనా నేనూ మూడు బస్సులు మారి కుప్పం వెళ్లి, అక్కడొక కాలేజీ చూసొచ్చాం. ల్యాబులో ఒక సీనియర్ అక్క కాంక్రీటు దిమ్మను మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కి చూపించింది. నాయన హాస్టల్లో కుళాయిలన్నీ తిప్పి చూశాడు.

"బాగుండాది పాపా, ఈడే చేరు" అన్నాడు.

పుంగనూరు నెట్ సెంటర్లో కూర్చుని కుప్పం సివిల్‌ను మొదటి ఆప్షన్‌గా పెట్టాను.

సీట్లు ఇచ్చిన రోజు అదే నెట్ సెంటర్లో తెర మీద మదనపల్లె అని వచ్చింది. నేనెప్పుడూ చూడని కాలేజీ. కంప్యూటర్ సైన్స్. నా కళ్లనే నమ్మలేక మళ్లీ తెరవమన్నాను. సెంటర్ నడిపే భాయ్ ఇంకో పేజీ తీసి చూశాడు.

"ఆఖరి రోజు సాయంత్రం మీ ఆప్షన్లు ఎవరో మార్చినారమ్మా. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింటాది."

ఆ నంబరు నాయనది. ఇంటికెళ్లి అడిగాను.

"మీ లెక్కల సారు ఫోన్ చేసినాడు పాపా. స్కాలర్‌షిప్‌కని, ఫోన్‌కు వచ్చిన నంబరు అడిగినాడు. గొర్రెలు రోడ్డెక్కతాండాయి, తొందర్లో సెప్పేసినా."

"నన్నొక మాట అడగాల్సింది కదా నాయనా!" అని ఊరంతా వినేలా అరిచాను. ఆయన తల వంచుకున్నాడు. దాంతో ఇంకా కోపం వచ్చింది. తిరిగి అరిచినా బాగుండేది.

లెక్కల సారు ఇంటర్‌లో మాకు పాఠాలు చెప్పినాయనే. సర్టిఫికెట్లు సరిచూస్తానని అందరి హాల్‌టికెట్లూ జిరాక్సు తీయించుకున్నాడు. పాస్‌వర్డులు కూడా రాయించుకున్నాడు. సారే కదా అని నేనూ రాసిచ్చాను. మరుసటి రోజు ఆయన దగ్గరికెళ్లాను.

"సివిల్ అంటే ఎండలో నిలబడే పని. ఆడపిల్లవి, నీకు యాలమ్మా అది? నీ మంచికే చేసినా."

"మంచికైతే మా నాయనకు స్కాలర్‌షిప్ అని యాల చెప్పినారు సార్?"

ఆయన ఫోన్ చూసుకుంటూ, క్లాసుకు టైమైందని లేచాడు. ఆ మదనపల్లె కాలేజీలో పిల్లల్ని చేర్చిపెట్టి కమీషన్ తీసుకోవడం ఆయనకు అలవాటేనని తర్వాత మా క్లాసు వాళ్లు చెప్పారు. అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు.

మదనపల్లెలో హెల్ప్‌లైన్ సెంటర్‌కు వెళ్తే, కౌంటర్ అతను అర్జీ పూర్తిగా చదవను కూడా లేదు.

"పాస్‌వర్డ్ మీదే, ఓటీపీ మీదే. మేమేం చేస్తాం? రెండో రౌండులో పెట్టుకో."

రెండో రౌండులో కుప్పం సివిల్ ఒక్కటే పెట్టాను. రాలేదు. మొదటి రౌండులోనే నిండిపోయింది. ఆఖరి సీటు నాకన్నా వెనక ర్యాంకు వాళ్లకు వచ్చిందని లిస్టులో చూసిన రోజు అన్నం తినబుద్ధి కాలేదు. ఒక ఏడాది ఆగుదామంటే ఇంట్లో ఒప్పుకోలేదు. మదనపల్లెలో చేరాను.

ఇప్పుడు మూడో ఏడు. మార్కులు బాగానే వస్తాయి. "సూడు, నీకు మంచే జరిగింది" అని చుట్టాలంటారు.

మొన్న అడ్మిషన్ల సమయంలో పుంగనూరు బస్టాండు దగ్గర మా ఇంటర్ కాలేజీ వాళ్లు ఫ్లెక్సీ కట్టారు. "మా గురువుల మార్గదర్శనంలో సీటు సాధించిన విద్యార్థిని" అని నా ఫొటో. నేను చూడకముందే నాయన చూశాడట. నేరుగా కాలేజీ ఆఫీసులోకి వెళ్లి, "మా బిడ్డను అడక్కుండా ఆ బొమ్మ ఎట్లేసినారు? దింపండి" అన్నాడట. వాళ్లు కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆయన తాగలేదు. ఫ్లెక్సీ మాత్రం ఇంకా ఆడనే ఉండాది.