హనుమండ్లు గారి పేర్ల కాయిదా

వేముల హనుమండ్లు గారికి ఉన్నది ఒకటే పిచ్చి. లోకంలో ప్రతిదానికీ కాయిదా ప్రకారం, అంటే ఒక పద్ధతిలో పేరుండాలి: ముందు ఏమిటి, తర్వాత ఎవరిది, చివర ఎన్నోది. సుల్తానాబాద్ దఫ్తరంలో పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీలో గుమాస్తాగా కూర్చున్నాను. ఆయన లెక్కలో నా పేరు "గుమాస్తా-దఫ్తరంది-నాలుగు".

దస్త్రాల కట్టలతో మొదలైన కాయిదా ఇంటిదాకా పాకింది. గిన్నె, గొడ్డలి, చీపురు, అన్నిటికీ సుద్దరాతలే. ఒకసారి ఎండనపడి వాళ్లింటికెళ్లి మంచినీళ్లడిగాను.

"ఏ చెంబుల?" అన్నాడు.

"ఏదైతేందన్నా, గొంతెండుతుంది!"

"ఎండనియ్యి. పేరు లేకుంట అడిగితె పనంత ఆగమైతది."

లోపలి నుంచి ఆయన భార్య నర్మదమ్మ జాలిపడింది. "తమ్మీ, చెంబు-మనది-మూడు అను. జల్ది ఇస్తడు."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో ఒక ఏడాది వానలే పడలేదు. చెరువులు నెర్రెలు బాశాయి. పశువులను ఉత్తగా ఇస్తామన్నా తోలుకుపోయేవాడు లేడు. ఊళ్లకు ఊళ్లే సర్కారు పెట్టిన గంజి కేంద్రం ముందు నిలబడ్డాయి. పేరు, ఇంటిపేరు, ఊరు జాబితాకెక్కితేనే గంజి. జాబితా రాసే పని మా ఇద్దరిది.

ఒక ముసలమ్మ వచ్చింది. ఎక్కడి నుంచి నడిచొచ్చిందో ఎవరికీ తెలియదు.

"పేరేందవ్వా?" అన్నాను.

"యాదికి లేదు బిడ్డా."

"ఊరు?"

"అదీ లేదు."

తనిఖీకొచ్చిన అధికారి రాయమల్లు కసిరాడు. "పేరు లేనోళ్లను రాస్తె నౌకరి పోతది. పక్కకు జరుపు!"

ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. పేరు చెప్పకపోతే నాకు గుక్కెడు నీళ్లివ్వని మనిషి, ఈమెకు గంజి రాస్తాడా? ఆ క్షణాన ఆయన కాయిదా మీద నాకు అసహ్యం వేసింది.

హనుమండ్లన్న కలం ముంచి నింపాదిగా రాశాడు. పేరు బాలవ్వ. ఇంటిపేరు తనదే, వేముల. ఊరు సుల్తానాబాద్.

"ఇది తప్పుడు రాత కాదా?" అన్నాడు రాయమల్లు.

"కాదు సాబ్. రేపు మా ఇంటికొచ్చి తనిఖీ చేసుకోండ్రి."

దస్త్రంలో తప్పు ఉండకూడదు కదా! పొద్దుగూకేలోపు ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. మర్నాడు రాయమల్లు నిజంగానే వచ్చాడు. అరుగు మీద మంచం, మంచం మీద బాలవ్వ, మంచం కోడు మీద "మంచం-అవ్వది-ఒకటి". వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

మరుసటి ఏడూ వానలు అంతంతమాత్రమే. బాలవ్వ మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఒకనాడు ఆటపట్టించాను.

"అన్నా, అవ్వకు కాయిదా పేరేది?"

"అవ్వ-మనది."

"ఎన్నోది?"

"నంబరెందుకుర? ఇంకొకామె ఉంటె కద!"

ఇంతలో లోపలి నుంచి ముసలమ్మ "నీళ్లు" అంది. ఆయన చేతికందిన చెంబు పట్టుకుని పరుగెత్తాడు. అది రెండోదో, మూడోదో చూసుకోనేలేదు.