నమూనా కార్డులో మనిషి

ఆళ్లగడ్డ బస్టాండుకు దగ్గర్లో ఒక డీటీపీ షాపు ఉండేది. పెండ్లి కార్డులు, కరపత్రాలు, చావు కార్డులు టైపు చేసి ఇచ్చేవాళ్లు. 'వాళ్లు' అని గౌరవానికి అంటున్నాను గానీ ఓనరూ, ఆపరేటరూ, ఫ్యాను కింద కూర్చునేవాడూ ఒక్కడే. ఊరంతా ఆయన్ని 'అన్నా' అనేది. మూడేళ్లు నేనూ అన్నా అనే పిలిచాను. అసలు పేరు అడగాలని తోచలేదు. తోచి ఉంటే ఇప్పుడిది రాసే పని ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటాక సంగతి. నాది నంద్యాల. డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. పగలు ఒక ఇంటర్నెట్ సెంటర్లో కంప్యూటర్లు చూసుకుంటూ, ఖాళీ దొరికితే ఒక లైబ్రరీకి పనిచేసేవాణ్ణి. మా నాయన ఈ మాట విని, "పోనీలే, పుస్తకాలన్నా పడతావు" అన్నాడు. అందులో పుస్తకాల్లేవు. వేరే ప్రోగ్రాములు తెచ్చుకుని వాడుకునే కోడు అది. రకరకాల భాషల అక్షరాలను ఏ కంప్యూటర్లోనైనా సరిగ్గా చూపించడం దాని పని. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరికీ జీతం లేదు. దేశదేశాల్లో ఇంతమంది జీతం లేకుండా పనిచేస్తున్నారని తెలిశాక నా నిరుద్యోగానికి కొంచెం హోదా వచ్చింది.

అప్పట్లో తెలుగు ఫాంట్లు దేని దారి దానిది. ఆళ్లగడ్డలో కొట్టిన ఫైలు నంద్యాలలో తెరిస్తే తెలుగు బదులు చీమలు చచ్చి పడున్నట్టు గుర్తులు కనిపించేవి. అలాంటి పాత ఫైళ్లను అందరూ చదవగలిగే తెలుగులోకి మార్చే భాగం నాకు అప్పగించారు. మార్పు సరిగ్గా జరుగుతోందో లేదో చూసే పరీక్ష కోసం నిజమైన పాత ఫైలు ఒకటి లైబ్రరీలోనే పెట్టాలి. నిజమైన మనుషుల పేర్లు మాత్రం ఉండకూడదన్నారు.

అన్నను అడిగితే "తీస్కోప్పా, సీడీ నిండా రాస్కో" అన్నాడు. వందల ఫైళ్లు. ఏది తెరిచినా ఎవరో పెండ్లి చేసుకుంటున్నారు, లేదంటే పోతున్నారు. చివరికి 'నమూనా' అని ఒక చావు కార్డు దొరికింది. నమూనా కాబట్టి పేరు కూడా ఉత్తుత్తిదే అనుకుని పెట్టేశాను.

కొన్ని నెలలకు, గొప్ప చూపించుకుందామని ఒక మధ్యాహ్నం ఆ షాపులోనే మోడెమ్ కలిపి లైబ్రరీ తెరిచాను. పరీక్ష నడిపాను. తెర మీద కార్డు వరస వరసగా శుభ్రమైన తెలుగులో దిగింది. ఫలానా వారు గురువారం ఉదయం స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తున్నాము. కింద 'పాస్' అని పచ్చగా పడింది.

అన్న టీ గ్లాసు కింద పెట్టినాడు.

"ఇది యాడిదిరా?"

"నీ సీడీలోదే అన్నా. నమూనా."

"అది నా పేరు."

నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పుడు చెప్పాడు. చావు కార్డుకు నమూనా చేసేటప్పుడు ఆ జాగాలో ఏదో ఒక పేరు ఉండాలి, లేకపోతే వరసల కొలత తెలీదు. బతికున్న వేరేవాళ్ల పేరు పెడితే పాపం. చచ్చినోళ్ల పేరు పెడితే వాళ్లను మళ్లీ చంపినట్టు. అందుకని ఆపరేటరు తన పేరే పెట్టుకోవాలి. ఆయనకు పని నేర్పిన ముసలాయన నియమం ఇది. ఇంకొకటి కూడా ఉంది. ఆ ఫైలు షాపు గడప దాటకూడదు. సీడీ నిండా రాస్కోమన్నప్పుడు అందులో ఇదీ ఉందని ఆయనకు తోచలేదు.

"పాస్ అంటే ఏందీ?"

"సరిగ్గా ఉందని."

"నేను చచ్చింది సరిగ్గా ఉందనా?"

"అక్షరాలు అన్నా."

"ఎన్నిసార్లు నడుస్తాది ఇది?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఎవరు ఎక్కడ ఒక్క లైను మార్చినా నడుస్తుంది."

"వాళ్లకు తెలుగు వస్తాదా?"

"చాలామందికి రాదు."

"చదవను రాకుండానే చంపుతాండారు" అన్నాడు. తర్వాత గోడ మీద క్యాలెండరు దగ్గరికి పోయి నిలబడ్డాడు. కార్డులో తేదీ ఉంది, వారం ఉంది, సంవత్సరం లేదు. ఆ తేదీ గురువారం నాడు ఎప్పుడు పడితే అప్పుడే తన చావని ఆయన లెక్క. పడేది వచ్చే వారమే.

నంద్యాల బస్సెక్కి, దీనికి భయపడేవాళ్లు కంప్యూటరు ముందు ఎట్లా కూర్చుంటారో అనుకున్నాను. అయినా ఆ సాయంత్రమే లైబ్రరీ వాళ్లకు రాశాను, ఇందులో నిజమైన మనిషి పేరుంది, తీసేయండి అని. జవాబు మర్యాదగానే వచ్చింది. ఇప్పటి కాపీలోంచి తీసేస్తాం, బదులుగా అలాంటిదే ఇంకో కార్డు పంపు. పాత కాపీలు మాత్రం ఎప్పటికీ ఉంటాయి. ఇప్పటికే ఎంతమంది దించుకున్నారో మాకూ తెలీదు.

ఆ గురువారానికి ముందురోజు, బుధవారం, ఇంకో మెయిలు వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాని ఎవరో పెద్దమనిషి, చాలా దూరం నుంచి. తన మిషన్లో ఈ కార్డు ఒక్కచోట తప్పుగా వస్తోందట. తన తెర బొమ్మ జతచేశాడు. చింతిస్తున్నాము ఉంది. గురువారం ఉంది. స్వర్గం ఉంది. పేరున్న చోట మాత్రం అక్షరాల బదులు చుక్కలతో గీసిన గుండ్రాలు, వరసగా, నోరు తెరిచినట్టు. కార్డంతటిలో ఆ ఒక్క పేరే ఎందుకు రావడం లేదని అడిగాడు. ఎవరో కోడులో చేసిన పొరపాటు. కారణం పది నిమిషాల్లో పట్టుకున్నాను. పట్టుకున్నాక కూడా ఆ బొమ్మను మూసేసి, ఫోల్డరు కూడా మూసేసి, సెంటరు బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. ఉక్కపోతకని చెప్పుకున్నాను.

గురువారం పొద్దున్నే ఆళ్లగడ్డలో దిగాను. షాపు తెరిచే ఉంది. అన్న తలంటుకుని, విభూతి పెట్టుకుని, ఉతికిన చొక్కాలో కూర్చున్నాడు. ఇంటి నుంచి వచ్చిన టిఫిను క్యారియరు మూత తీయలేదు.

"నీ పేరు తీసేస్తామన్నారు" అన్నాను. బొమ్మ సంగతి చెప్పలేదు. "ఇంకో కార్డు ఇమ్మన్నారు. నా పేరు పెడతాన్నా."

తల తిప్పి నన్ను చూశాడు. "నీకు పెండ్లన్నా కాలే."

"ఇదేమన్నా పెండ్లి కార్డా?"

"నవ్వులాటలు ఆపు. ఏదో ఒక పేరు ఉండాల్నా ఆడ?"

"ఉండాల."

మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "వద్దు. నాదే ఉండనీ. నీది రాయొద్దు" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది. చేతులు మాత్రం కీబోర్డు కింద దాచుకున్నాడు.

ఒప్పించాలని చూశాను. అంతలో రుద్రవరం వైపు నుంచి ఒకాయన వచ్చాడు. తండ్రి పోయినాడట, కార్డులు కావాలి. "బేగా ఇయ్యన్నా, బస్సుంది" అన్నాడు. అన్న నమూనా తెరిచి తన పేరు చెరిపి ఆ తండ్రి పేరు కొట్టినాడు. ఊరి పేరు కొడుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగుసార్లు కూసి అదీ పోయింది. నల్లటి తెరలో మా ముగ్గురి మొహాలు కనిపించాయి. పావుగంటకు కరెంటు వచ్చింది. మిషన్ లేచింది. అన్న నమూనా మళ్లీ తెరిచాడు. సేవ్ చేయలేదు గనక తండ్రి పేరు లేదు. అన్న పేరు మళ్లీ వచ్చి కూర్చుంది, కింద ఈ రోజు తేదీతో.

వచ్చినాయన వంగి చదివాడు.

"ఇదెవురన్నా, ఈ పొద్దే పోయినాడే?"

"నేనే" అన్నాడు అన్న.

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నా వైపు చూశాడు. నేను స్టూలు ఆయన వైపు జరిపాను.

"మా నాయన పేరు పెట్టన్నా" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"పెడతాండా. ఆ స్టూలు మీద కూర్చో." అన్న చేతులు కీబోర్డు మీదికి వచ్చాయి. "ఇంటిపేరు ఇంకోసారి చెప్పు."