రాజీనామా చేసిన మర్నాడు

మా ఇంట్లో చాలాకాలం పార్లమెంటు అంటే గ్యాస్ బండే. నా పెళ్లయిన కొత్తలో గ్యాస్ కనెక్షన్ కావాలంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి, లేదంటే ఎంపీ కోటాలో కూపన్ సంపాదించాలి. మా ఆయన కేసముద్రం మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. సేటుకు ఎవరో తెలిసినవాళ్లుంటే వాళ్ల ద్వారా మాకొక కూపన్ దొరికింది. బండ వచ్చిందని తెలిసి మా అవ్వ, అంటే నన్ను కన్నతల్లి, బచ్చన్నపేట నుంచి జనగామ దాకా బస్సులో, అక్కడి నుంచి ప్యాసింజరు రైల్లో వచ్చింది. పొయ్యి వెలిగించబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపి, ముందు బండకు బొట్టు పెట్టింది.

"గీ ఎంపీ ఇంకేమేమి ఇస్తడే?" అని అడిగింది.

"ఫోను గూడ ఇస్తడట."

"మన చెర్ల నీళ్లియ్యడా?"

చెరువులో నీళ్లు ఇవ్వడని చెప్పాను. అయితే నాకెందుకన్నట్టు మొహం పెట్టి టీ తాగింది.

అప్పట్లో మేమంతా ఒకే జిల్లా. అవ్వ బచ్చన్నపేటలో, నేను కేసముద్రంలో. తమ్ముడు చిట్యాల దగ్గర ఇల్లరికం పోయాడు. వాళ్ల వైపు ఊళ్లు హనుమకొండ పార్లమెంటు సీటు కింద ఉండేవని తమ్ముడి మామ గొప్పగా చెప్పుకునేవాడు. అది పట్నం సీటు. పేరు పట్నానిది, గెలిపించేది పల్లె ఓట్లు. అయినా ఆ ముసలాయనకు తాను పట్నం ఓటరునని మహా గీర. తెలంగాణ ఉద్యమం కోసం అక్కడి ఎంపీ చేసిన రాజీనామాతో ఆ సీటుకు మధ్యలో ఉప ఎన్నిక కూడా వచ్చింది. ఆ తర్వాత నియోజకవర్గాలను మళ్లీ విభజించారు. ఎక్కడో మ్యాపు ముందు కూర్చున్న పెద్దలు గీతలు గీస్తే హనుమకొండ సీటే లేకుండా పోయింది. చిట్యాల వరంగల్ సీటులో కలిసింది. మేం మానుకోట అని పిలుచుకునే మహబూబాబాద్ కొత్త సీటయితే నేను అందులో పడ్డాను. జనగామతో పాటు అవ్వ భువనగిరికి పోయింది.

"ఎవల సీటు వాళ్లకిచ్చి ఏరు పోసిండ్రు మనల్ని," అని నవ్వింది అవ్వ. నాకూ నవ్వొచ్చింది. ఆ గీతలతో మాకేం పనిలే అనుకున్నాం.

తమ్ముడి పత్తి చేను వరసగా దెబ్బతిన్నది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు బోరు కూడా ఎండిపోయింది. గల్ఫ్ పోయి తాపీ పనిలో కుదిరాడు. శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. వాడెప్పుడు చేసినా అవ్వ గురించి మేం చెప్పే కబురు ఒకటే: దీక్షా శిబిరంలో ఉంది.

ఉద్యమం ఊపందుకున్న రోజులవి. బచ్చన్నపేటలో రోడ్డు పక్కన టెంటు వేసి రిలే దీక్షలు పెట్టారు. అవ్వ పొద్దున్నే పశువుల పని తెముల్చుకుని అక్కడికి పోయేది. పాటల్లో ఆమె గొంతు విడిగా వినిపించేది. ఎంపీలు రాజీనామా చేస్తే తప్ప ఢిల్లీ కదలదని అందరి మాట. నాదీ అదే మాట. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆడవాళ్లంతా జీపుల్లో ఎంపీ సార్ల ఇళ్ల ముందుకు పోయి, కంచాల మీద గరిటెలతో మోగిస్తూ, రాజీనామా ఇచ్చేదాకా కదలమని కూర్చునేవాళ్లు. ఒక్క సీటు కాదు, చుట్టుపక్కల ఏ సీటు సారునూ వదల్లేదు. మా మూడు సీట్లలో మా అవ్వ కంచం కొట్టని గేటు లేదు.

ఆ సమయంలోనే తమ్ముడు శుక్రవారం కాని రోజున ఫోన్ చేశాడు.

"అక్కా, కంపెనీ బందయింది. సేటు మా పాస్‌పోర్టులు పట్టుకొని పరారైండు. నాకు ఛాతీల నొప్పి వస్తున్నది. ఈడ దవాఖానల రెండు గోలీలిచ్చి పొమ్మన్నరు."

"మరి ఎట్లరా?"

"మన ఎంపీతోని ఢిల్లీకి లెటర్ రాయిస్తె ఎంబసీవోళ్లు కదులుతరట. మా రూములోళ్లందరు గట్లనే చేస్తున్నరు. జర జల్దీ చూడక్కా. అవ్వకు నొప్పి సంగతి చెప్పకు."

బచ్చన్నపేట పోయాను. చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. అవ్వ కొంగు నడుముకు చుట్టుకుంది. పొద్దున్నే ఎంపీ దగ్గరికి పోదామని అనుకున్నాం. ఆ సాయంత్రమే టీవీలో వచ్చింది, ఎంపీలు రాజీనామాలు ఇచ్చారని. ఊరంతా పటాకులు కాల్చారు. శిబిరంలో ఎవరో అవ్వ నోట్లో జిలేబీ పెట్టారు. ఆమె నమిలి మింగింది గానీ, ఏం తింటున్నదో ఆమెకు తెలిసినట్టు లేదు.

మర్నాడు ముందు మా అవ్వ వైపు ఎంపీ ఆఫీసుకు పోయాం. తమ్ముడి సంగతీ పాస్‌పోర్టు వివరాలూ మేం రాసుకుపోయిన కాగితం అక్కడున్న మనిషి చూసి, "పాస్‌పోర్టు మీద చిట్యాల అడ్రసు ఉన్నదక్కా. మన సీటు కిందికి రాదు," అన్నాడు. సీట్ల గీతలతో మాకు మొదటిసారి పని పడింది. అక్కడా ఇక్కడా తిరిగి, చివరికి ఒక సారు ఇంటికి చేరాం. ఏ సీటు సారో రాయను. ఆయన తప్పేమీ లేదు. ఇంటి ముందు నిన్నటి పూలదండలు కుప్పగా పడి ఉన్నాయి.

ఆయన అవ్వను చూడగానే గుర్తుపట్టాడు. "అవ్వా, మొన్న మా గేటు ముంగట కంచం కొట్టింది నువ్వే కద?"

"నేనే కొడుకా."

"మస్తు కొట్టినవ్. మా ఇంటామె ఇంకా చెవి నొస్తున్నదంటది." గదిలో అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. నేను కాగితం ఇచ్చాను. ఆయన చదివాక నవ్వు పోయింది.

"నిన్ననే రాజీనామ ఇచ్చిన కదవ్వా."

"ఎరుకే కొడుకా. మేమే ఇయ్యమన్నం."

ఆయన మాకు టీ తెప్పించాడు. రాజీనామాను ఇంకా ఆమోదించలేదనీ, కానీ ఇచ్చినవాడి ఉత్తరానికి విలువ ఉంటుందో లేదో తెలియదనీ అన్నాడు. అయినా రాశాడు, సంతకం పెట్టాడు. మా ముందే ఢిల్లీకి ఫోన్ కూడా చేశాడు. ఎవరూ ఎత్తలేదు. బయటికొచ్చేటప్పుడు అవ్వ ఆయన చేతులు పట్టుకుంది. "నువ్వు మంచిగనే చేసినవ్ బిడ్డా," అంది. ఏది మంచిగా చేశాడన్నదో నేను అడగలేదు.

ఉత్తరం పోయింది. జవాబు రాలేదు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఒకరోజు ఢిల్లీలో ఒకాయన ఎత్తి, ఆ సారు రాజీనామా చేశారు కదా, వేరే ఎంపీతో రాయించుకు రండన్నాడు. మా చుట్టుపక్కల వేరే ఎంపీ ఎవరున్నారు? అందరూ మా మాట విన్నారు, అందరూ ఇచ్చేశారు. ఇలాంటప్పుడు మనిషికి ఎవరి మీదనన్నా అరవాలనిపిస్తుంది. సారు మీద అరవలేను. శిబిరం మీద అరవలేను, నేనూ ఆ శిబిరంలో కూర్చున్నదాన్నే. తమ్ముడి కంపెనీ సేటు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. అరిచి అరిచి మా ఆయన మీద అరిచాను. పాపం, ఆయన యార్డు నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు.

అవ్వ మీద కూడా అరిచాను. "ఇంకా ఆ టెంటుకెందుకే పోతున్నవ్?"

"ఇంట్ల కూసుంటె వాడే కండ్లల్ల మెదులుతున్నడు. ఆడ పదిమంది ఉంటరు," అంది.

తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా గొంతు తగ్గుతూ వచ్చింది. లెటర్ ఏమైందని మొదట్లో అడిగేవాడు. తర్వాత అడగడం మానేసి, వాన పడ్డదా, చెర్ల నీళ్లొచ్చినయా అని అడిగేవాడు. నాకు అబద్ధాలు చెప్పడం చేతకాదు. అయినా నీళ్లొచ్చినయిరా అని చెప్పాను.

చివరికి వాడు కాదు, వాడి రూములో ఉండే అతను ఫోన్ చేశాడు. అందరం ఏడ్చాం. అది రాయడానికేముంది. నా కడుపు మండింది మాత్రం తర్వాత. బతికున్నవాడికి దొరకని కాగితాలన్నీ చచ్చిపోయినవాడికి చకచకా తయారయ్యాయి. ఎంపీ ఉత్తరం ఎవరూ అడగలేదు. పాస్‌పోర్టు గురించి ఎవరూ మాట్లాడలేదు.

హైదరాబాద్ విమానాశ్రయానికి నేనూ అవ్వా పోయాం. పెట్టెను అంబులెన్సులో ఎక్కించుకుని చిట్యాలకు బయల్దేరాం. ఆ రోజు బంద్. జనగామ దగ్గర హైవే మీద రాళ్లు పెట్టి, నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. ఆ రోజుల్లో దారి ఇవ్వాలంటే బండిలో ఉన్నవాళ్లు జై తెలంగాణ అనాలి. లారీవాళ్లూ కార్లవాళ్లూ అందరూ కిటికీలోంచి తల బయటపెట్టి అనేసి పోతున్నారు. మా డ్రైవరు దిగి ఏదో చెప్పాడు. ఇద్దరు వచ్చి వెనక తలుపు తీశారు. పెట్టెనూ దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్న అవ్వనూ చూశారు. వాళ్లలో ఒకతను అవ్వను ఎక్కడో శిబిరంలో చూసినట్టున్నాడు, చేతులు జోడించాడు. వంట దగ్గరి ఆడవాళ్లు గరిటెలు వదిలి లేచి నిలబడ్డారు. మమ్మల్ని ఆ మాట అనమని ఎవరూ అడగలేదు. గబగబా రాళ్లు పక్కకు జరిపారు.

బండి కదిలింది. అవ్వ పెట్టె మీద చెయ్యి తియ్యకుండానే రెండో చెయ్యి పిడికిలి పట్టి పైకెత్తింది.

"జై తెలంగాణ," అంది.

రోడ్డు మీద అంతమంది ఉన్నారు. ఒక్కరూ బదులు పలకలేదు. అవ్వ చెయ్యి దించకుండా వాళ్ల వైపే చూస్తూ మళ్లీ అంది.