అక్క బొటనవేలి గోరు

నిన్న గోళ్ళు కత్తిరించుకుంటుంటే నా కుడికాలి బొటనవేలి గోరు ఒక మూల పచ్చబడి, దళసరెక్కినట్టు కనిపించింది. వానాకాలమంతా తడి బూట్లతోనే పొద్దుటి నడకకు వెళ్ళాను, తప్పు నాదే. మందు తెచ్చుకున్నాక కూడా మనసు కుదురుగా లేదు. అక్క పెళ్ళికి ముందు రోజులు ఒకటే గుర్తుకు రావడం మొదలైంది.

అప్పుడు మేం భిలాయి సెక్టర్ 4 క్వార్టర్లో ఉండేవాళ్ళం. అక్క బాస్కెట్‌బాల్ ఆడేది. చెమటకు తడిసిన మేజోళ్ళను బూట్లలోనే కుక్కి, మర్నాడు మళ్ళీ వాటినే తొడుక్కునేది. ఆమె బూట్లు విప్పితే నాన్న పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. పెళ్ళి ఇంకో నెల ఉందనగా ఆమె బొటనవేలి గోరు పచ్చగా, మందంగా మారి, అంచున పొడిపొడిగా రాలడం అమ్మ కంటపడింది. ఇంక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పక్కింటావిడ కాల్షియం తక్కువంది, అత్త దిష్టంది, అమ్మ పసుపు పట్టు వేసింది. దాంతో గోరు మరింత పచ్చగా మెరిసింది.

చివరికి డాక్టరమ్మ చెప్పింది: "ఇది ఫంగస్. చెమట, తడి, బిగుతు బూట్లు దొరికితే హాయిగా కాపురం పెట్టేస్తుంది. నలుగురూ కాళ్ళు కడుక్కునే చోట చెప్పుల్లేకుండా తిరిగినా అంటుకుంటుంది. మందు వాడినా కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పైనే పడుతుంది."

"ఏడాదా! పెళ్ళికొడుకు కాలు పట్టుకుని మెట్టెలు తొడిగినప్పుడు ఆ గోరు అందరికీ అగుపిస్తాది కదే! ఏటి చెయ్యాలే?" అని అమ్మ తల పట్టుకుంది.

అక్క వారం రోజులు గదిలో అటూ ఇటూ తిరిగింది. అన్నం ముందు కూర్చునేది, లేచిపోయేది. ఒక సాయంత్రం హఠాత్తుగా "పదవే, ఆయనకే చెప్పేద్దాం" అని నన్ను స్కూటీ ఎక్కించుకుంది. కాబోయే బావ ఉక్కు ప్లాంటులో పని చేసేవారు, ఉండేది మరోదా సెక్టర్లో. డ్యూటీ దిగి టీకొట్టు దగ్గర నిలబడ్డ మనిషి మమ్మల్ని చూడగానే పాలిపోయారు. అక్క చెప్పు విప్పి కాలు ముందుకు పెట్టింది. "ఇదీ సంగతి. అంటుకునే జబ్బు. మీకు ముందే తెలియాలి" అంది.

ఆయన గోరునీ, అక్క ముఖాన్నీ చూసి గట్టిగా ఊపిరి వదిలారు. "ఏటండీ, ఇందుకా వచ్చేరు? సంబంధం వద్దనడానికి వచ్చేరనుకుని నా ప్రాణం పోయింది! వేళ్ళ మీద ఇనప టోపీ ఉన్న ఈ ప్లాంటు బూట్లలో రోజంతా ఉడికితే ఏటవుతాది? మా షిఫ్టులో సగం మంది గోళ్ళు ఇలాగే ఉంటాయి, నావీ అంతే." సిగ్గుపడుతూ అడిగారు: "ఆ మందు పేరేటో చెప్పీండి."

టీకొట్టు భయ్యా కూడా నవ్వేశాడు. అక్క మాత్రం నవ్వలేదు, చెప్పు తొడుక్కుని కళ్ళు తుడుచుకుంది. పెళ్ళిలో మెట్టెలు తొడిగినప్పుడు గోరు పచ్చగానే ఉంది. అమ్మ ఒక్కతే దాన్ని చూస్తూ కూర్చుంది. మందుకు అక్క గోరు మెల్లగా బాగుపడింది. బావది, ఆ బూట్లలోనే ఉద్యోగం చేసినన్నాళ్ళూ, పూర్తిగా తగ్గనేలేదు.

ఆ ఒక్క నెల మా ఇంట్లో ఎంతకీ కదల్లేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళు ఎప్పుడు గడిచాయో మాత్రం ఎవరమూ గమనించలేదు.