నమోదు కాని కోటయ్య

కోల్డ్ స్టోరేజీ తలుపు తీయగానే చల్లగాలితో పాటు మిర్చి ఘాటు ముక్కుకు తగిలింది. వరుసగా నాలుగు తుమ్ములు. ఇన్నేళ్లుగా గుంటూరులో ఇదే పని మీద తిరుగుతున్నా ఆ ఘాటు నాకు అలవాటు కాలేదు. అది తగిలితే చాలు, సుభాషిణి గారు గుర్తొస్తారు. బ్రాడీపేటలో మేడ మీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఆమెది. నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆమే.

ఒక కోల్డ్ స్టోరేజీలో రైతులు దాచుకునే మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, నమోదు చేసే పీహెచ్‌పీ ప్రోగ్రాం నేనే రాశాను. వివరాలు దాచే డేటాబేస్ దేన్నయినా కాదంటే ఆ సంగతి పట్టుకోవడానికి ప్రోగ్రాంలో ఒక చోటు ఉంటుంది. ఇంగ్లీషులో ఏదో వస్తే గుమస్తా కంగారుపడతాడని దాన్ని ఖాళీగా వదిలేశాను. ఏం జరిగినా తెర మీద 'నమోదైంది' అనే వచ్చేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకరోజు మార్టూరు వైపు నుంచి కోటయ్య అనే రైతు తన టిక్కీల కోసం వచ్చాడు. గుమస్తా కంప్యూటర్లో చూసి, "పోయిన వారమే తీసుకెళ్లారు కదండీ" అన్నాడు. కోటయ్య చీటీలో నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఫోన్ రాగానే నేనూ సుభాషిణి గారూ వెళ్లాం.

"ఏడాది పంటమ్మా అది. తీసుకెళ్లి లేదంటానా? ఈ వయసులో నన్ను అబద్ధాలకోరుని చేస్తున్నారు" అన్నాడాయన.

"ప్రోగ్రాంలో తప్పేం లేదు మేడం, ఈయనే మర్చిపోయుంటారు" అన్నాను మెల్లగా.

ఆమె నా వైపు చూడలేదు. "ఆ ఖాళీలో ఒక్క వరుస రాయి. డేటాబేస్ ఏమంటోందో కనబడనీ. ఆయన వివరాలు మళ్లీ కొట్టు."

కొట్టాను. ఈ పేరు ఇప్పటికే ఉంది, రెండోసారి తీసుకోనని వచ్చింది.

"చూశారా, ముందే నమోదయ్యారు" అన్నాను.

"పోయిన వారం తీసుకెళ్లినవాడు మా బాబాయి కొడుకమ్మా" అన్నాడు కోటయ్య. "ఇద్దరికీ మా తాత పేరే పెట్టారు."

నా ముఖం మాడిపోయింది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు సీజనులో రెండోసారి రాకూడదని నియమం పెట్టింది నేనే. మా ఇంట్లోనే తాత పేరుతో ముగ్గురు సుబ్బారావులున్నారు.

ఇక ఇన్ని వేల టిక్కీల్లో ఈయనవి ఎక్కడ? సుభాషిణి గారు నమోదు సంఖ్యల వెంట వేలు పెట్టి దిగుతూ ఆగారు. నాలుగు వందల పన్నెండు తర్వాత పద్నాలుగు ఉంది. "పదమూడేదీ?" అన్నారు. డేటాబేస్ తాను కాదన్నవాడికి కూడా ముందు ఒక సంఖ్య కేటాయిస్తుందనీ, దాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వదనీ నాకు అప్పుడే తెలిసింది. టిక్కీలను వచ్చిన వరుసలోనే పేరుస్తారు కాబట్టి, పన్నెండు, పద్నాలుగు నంబర్ల సరుకుకు మధ్య వెతకమని ఆమె హమాలీలను పంపారు. అక్కడే ఉన్నాయి, సంచుల మీద కోటయ్య గుర్తుగా వేసుకున్న ఆకుపచ్చ గీతలతో. ఆయన టిక్కీ మీద చెయ్యి వేసి నిమిరాడు. జాబితాలో లేని ఒక్క అంకెను పట్టుకుని ఆమె ఒక మనిషి పంటను, మాటను నిలబెట్టారు.

"తప్పు నీదని ముందు ఆయనకు చెప్పు" అన్నారు. చెప్పాను. తర్వాత పక్కన కూర్చుని, ఆ ఖాళీలో ఏం రాయాలో చెప్పారు. వచ్చిన తప్పు ఉన్నదున్నట్టు ఫైల్లోకి వెళ్లాలి. తెర మీద మాత్రం: 'నమోదు కాలేదు. తప్పు మాది. రైతును పంపించెయ్యకండి.'

సుభాషిణి గారు పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి, "నేను ఇచ్చానండి, మీ దాంట్లో లేదంటున్నారు" అంటే, ముందు ఆ మనిషిని నమ్ముతాను. కంప్యూటరు తెరిచేది ఆ తర్వాతే.